నీలం చెరిగిన ఆకులు

ఆకు మీద బొటనవేలి ముద్ర ఉంది.

కినుయో వంచిన నడుము ఎత్తకుండానే ఇంకోసారి చూసింది. కుండీలో ఉన్నవి పదకొండు ఆకులు, ఒక్కొక్కటి చెంచాడంత. అన్నీ నీలమే, కాస్త ఆకుపచ్చ కలిసిన నీలం. ఒక్కదాని మీద మాత్రం కోలగా, నున్నగా ఉత్త పచ్చ మచ్చ. ఆ మచ్చ మధ్యలోంచి ఏటవాలుగా సన్నటి నీలం గీత.

గిబోషి మొక్కకి నీలం ఆకు లోపల ఉండదు, పైన ఉంటుంది. ద్రాక్షపండు మీద పొడిపొడిగా తెల్లటి పొర ఉంటుంది చూడండి, అలాంటిదే. వేలు తగిలితే పోతుంది. పోయిందంటే ఆ ఏడాదికి పోయినట్టే, మళ్ళీ వసంతంలో కొత్త ఆకు వచ్చేదాకా రాదు. అందుకే మా కొండ ఊరు కామిదానిలో గిబోషి తోటలోకి అడుగుపెట్టేవాళ్ళు చేతులు వెనక్కి కట్టుకుంటారు. గడప దగ్గర చెప్పులు విప్పడం ఎలాగో ఇదీ అలాగే, ఒకరు చెప్పాల్సిన పని లేదు.

ఈ తోట యజమాని ఓరిహారా పెద్దాయనది ఇంకా చాదస్తం. ఆయన దగ్గర ఇరవై ఆరేళ్ళు పనిచేసిన కినుయో ఇన్నేళ్ళలో ఒక్క నీలం ఆకుకి కూడా వేలు తగలనివ్వలేదు. తోటంతా దేవదారు చెట్ల కింద ఉంటుంది కాబట్టి ఎండు పుల్లలు రాలుతూనే ఉంటాయి. పొద్దున్నే వచ్చి మెత్తటి వెంట్రుకల కుంచెతో, ఆకుకి మొన కూడా ఒరుసుకోకుండా, పుల్లని కింది నుంచి లేపి పక్కకి తోసేయాలి. రెండువందల కుండీలు. రెండు గంటల పని.

కుంచె చేతిలో పట్టుకుని నిలబడ్డాక ఆమెకి ఇంకో సంగతి కనబడింది. అటుపక్క కుండీల మీదా, ఇటుపక్క కుండీల మీదా పుల్లలున్నాయి. ఈ కుండీ మీద ఒక్కటి కూడా లేదు.

పెద్దాయన ఎడమ బొటనవేలికి అంటుకత్తి తెగిన గుర్తు ఉండేది, ఏటవాలుగా, గుంటగా. ఆ వేలు ఆకు మీద పడితే గుంట ఉన్నంత మేరా నీలం మిగిలే ఉంటుంది. కానీ ఆయన పోయి నాలుగు నెలలైంది. మంచు మోకాళ్ళ లోతున ఉన్నప్పుడు పోయాడు. దహనం అయ్యాక, బూడిదలోంచి ఎముకలు ఏరే బల్ల పక్కన, ఏరడానికి రెండు పుల్లలు పట్టుకుని కినుయో కూడా నిలబడింది.

"ఛీ, పొద్దున్నే ఏంటీ పాడు ఆలోచన" అని తనని తానే తిట్టుకుంది.

వెదురు తలుపు దాకా వెళ్ళి చూసింది. ఇందాక వచ్చేటప్పుడు తనే విప్పిన తాడు అక్కడే వేలాడుతోంది. నిన్న సాయంత్రం తను వేసిన ముడి వేసినట్టే ఉంది పొద్దున, విప్పడానికి గోళ్ళు నొప్పెట్టాయి కూడా. దారి పొడుగునా నాచు. నాచు మీద తన అడుగులు తప్ప వేరే అడుగులు లేవు.

*

"అమ్మగారూ, తోటలోకి ఎవరైనా వచ్చారా?"

"ఎవరొస్తారే? పాములూ, నువ్వూ" అంది షిగే అమ్మగారు, ముల్లంగి ఊరగాయ ముక్కని వెనక దంతాలకి తోసుకుంటూ. పెద్దాయన భార్యకి ఎనభై మూడేళ్ళు. చేతికర్ర పట్టుకుని ఇంట్లో తిరుగుతుంది, వంటింటి వసారా మీద కూర్చుని వర్షాన్ని తిడుతుంది. "అయినా నన్నడుగుతావేంటి? నన్ను ఆ తోటలో ఎప్పుడు అడుగుపెట్టనిచ్చాడు? పెళ్ళైన కొత్తలో ఒక ఆకు ముట్టుకోబోయానని మూడ్రోజులు మాట్లాడలేదు మహానుభావుడు."

బయట చిన్న ట్రక్కు ఆగిన చప్పుడైంది. పెద్దాయన తమ్ముడి కొడుకు కెన్సాకు. పట్నంలో రంగుల దుకాణం ఉంది. పెదనాన్న బతికుండగా పెళ్ళికో చావుకో తప్ప కొండెక్కి వచ్చేవాడు కాదు. ఇప్పుడు గిబోషి సంఘంలో ఓరిహారా వాళ్ళ పీట ఇతనికి వచ్చింది కాబట్టి రోజు విడిచి రోజు వస్తున్నాడు.

కూర్చోకుండానే చెప్పాడు. "పెద్దమ్మా, ఆదివారం ప్రదర్శనకి ఆ చిన్న నీలం కుండీ పెడుతున్నా. కొత్తరకంగా సంఘంలో నమోదు చేయిద్దామని. పేరు కూడా అనుకున్నా, 'కెన్సాకు రత్నం'. పెంచినవారు, ఓరిహారా కెన్సాకు."

టీ పోస్తున్న కినుయో టీ పాత్ర కింద పెట్టేసింది.

ఆ మొక్కని ఆమె తోటలో నాటలేదు. ఏడేళ్ళ కిందట తోట చివర నరికేసిన దేవదారు మోడు పగుల్లో బియ్యపుగింజంత మొలక కనబడితే, అరచేతులు నేలకి ఆనించి పడుకుని చూసింది. మూడేళ్ళు మోడులోనే ఉంచి, పిలక వేశాక దాన్ని విడదీసి కుండీలో పెట్టింది. తల్లి ఇంకా ఆ మోడులోనే ఉంది. మా దగ్గర కొత్త రకానికి ఏడు వసంతాలు ఒకే చేతి కింద పెరిగేదాకా పేరు పెట్టరు. ఏడో వసంతంలో పెంచినవాళ్ళే పేరు పెడతారు, చెక్కపలక మీద పేరు, వెనక వాళ్ళ పేరు. ఆ మొక్క ఎక్కడికి పోయినా ఆ రెండు పేర్లూ దానితోనే పోతాయి. ఇది ఏడో వసంతం.

"అయ్యా, దానికి... పెద్దాయన నన్ను పేరు పెట్టమన్నారు" అంది. 

"ఎప్పుడన్నారు?"

"పోయిన ఏడాది ఆకులు రాలేటప్పుడు. కుండీ దగ్గరే కూర్చుని."

"ఎవరు విన్నారు?"

ఎవరు వింటారు? తనూ, ఆయనా, దేవదారు చెట్లూ.

కెన్సాకు నవ్వాడు. చెడ్డ నవ్వు కూడా కాదు, అదే ఎక్కువ మండింది కినుయోకి. "పెదనాన్నది మంచి మనసు. పనివాళ్ళని సంతోషపెట్టడానికి చాలా అనేవాడు. నీ కష్టం నాకు తెలుసులే కినుయో. ప్రదర్శన అయ్యాక మంచి స్వీట్ల పెట్టె తెస్తా."

షిగే అమ్మగారు కర్ర మొన చాప మీద ఆనించి తిప్పుతూ కూర్చుంది.

*

మర్నాడు ఇంకో ఆకు మీద ముద్ర. ఆ మర్నాడు ఇంకొకటి. పుల్లలు మాత్రం ఆ కుండీ మీద ఒక్కటీ ఉండటం లేదు.

బుధవారం నుంచి వానలు మొదలయ్యాయి. మా కొండల్లో ఆ వాన పడదు, కమ్ముకుంటుంది. పగలే చెట్ల కింద మసక. చీడ చూడటానికి ఒక చేత్తో గొడుగు పట్టుకుని ఆకుల అడుగులు పరికిస్తుంటే కినుయోకి మెడ వెనక ఎవరో నిలబడి చూస్తున్నట్టే ఉండేది. పెద్దాయన అలాగే చూసేవాడు. తప్పు చేస్తే నాలుక చప్పరించేవాడు, బాగా చేస్తే ఏమీ అనేవాడు కాదు. ఆ ఏమీ అనకపోవడమే ఇప్పుడు వినబడుతోంది ఆమెకి.

ముద్ర పడిన ఆకులు మూడు దాటితే కుండీని ప్రదర్శన బల్ల మీదకి రానివ్వరు. ఆ మాట గుర్తొచ్చి ఒక్కసారి గుండె తేలికపడింది. కానీ ఆ చెరిగిపోతున్నవి తన ఆకులు. ఏడేళ్ళుగా ఊపిరి బిగబట్టి కాపాడిన నీలం. మొక్క పోకుండా ఉండాలంటే మొక్క పాడవ్వాలా? ఇదేం న్యాయం?

గురువారం తెల్లవారగానే వెళ్ళి కుండీకి ఎదురుగా తిరగేసిన బకెట్టు మీద కూర్చుంది. ఎవరో తేల్చుకోవాలని పంతం. అప్పటికి ముద్రలు మూడు. లెక్కపెట్టుకుని మరీ కూర్చుంది. పైనుంచి పుల్లలు రాలుతున్నాయి, ఒకటి, కాసేపాగి ఇంకొకటి. నీలం ఆకు మీద కూడా ఒక పుల్ల పడటం చూసింది. హమ్మయ్య అనుకుంది. లేచి కుంచె తడిపి రావడానికి వెనక ఉన్న నీళ్ళ తొట్టి వైపు తిరిగింది, అంతే, మూడడుగులు. కుంచె ముంచి, విదిలించి, వెనక్కి తిరిగింది.

పుల్ల లేదు.

నాలుగో ముద్ర ఉంది. గీత కూడా ఉంది.

కుండీ ముందు నాచులో చిన్న పళ్ళెమంత మేర అణిగి ఉంది. మోకాలు ఆనించి కూర్చుంటే అణిగేంత. కినుయో చూస్తుండగానే ఆ నాచు మెల్లగా, ఒక్కొక్క పోగూ, పైకి లేస్తోంది. మొత్తం లేచి చదునయ్యేదాకా ఆమె కదల్లేదు. 

"పెద్దాయనా?" అంది చివరికి.

చెట్ల మీది నీళ్ళు కిందికి జారుతున్న చప్పుడు. అంతే.

"మీరే అయితే ఎందుకిలా చేస్తున్నారు? ఏదన్నా చేయాలంటే ఆ కెన్సాకు గారి చెవిలో చెప్పండి. నా ఆకులమీదా మీ ప్రతాపం?" కోపం వచ్చేసరికి భయం కొంచెం తగ్గింది. కళ్ళు తుడుచుకుని మిగతా కుండీల పుల్లలు తీసింది. కుండీ కుండీకీ వెనక్కి తిరిగి చూసుకుంది కాబట్టి ఆ రోజు మూడు గంటలు పట్టింది.

శుక్రవారం అయిదో ముద్ర పడింది.

*

శనివారం మధ్యాహ్నం కెన్సాకు కుండీని తీసుకుపోవడానికి వచ్చాడు. చేతులు ముందుకే ఉన్నాయి. తోటలో నడుస్తూ ఆకుల్ని మోచేత్తో రాసుకుంటూ వచ్చాడు, కినుయో కళ్ళు మూసుకుంది.

"ఈ మచ్చలేంటి?" అన్నాడు కుండీ ఎత్తి.

ఆమె జవాబు వెతుక్కునేలోపే అతనే చెప్పుకున్నాడు. "నీళ్ళలో సున్నం. అందుకే పైన ఈ తెల్లటి పొర. అక్కడక్కడా ఊడింది. ఇన్నాళ్ళూ తుడవకుండా వదిలేశారా? అయ్యో, అయ్యో."

కెన్సాకు ఇరవై ఏళ్ళుగా ఒమోతో మొక్కలు పెంచుతున్నాడు. వాటివి మందంగా, నిటారుగా ఉండే ఆకులు. ప్రదర్శన ముందు రోజు వాటిని తడిగుడ్డతో ఒక్కొక్కటే తుడిచి అద్దంలా చేస్తారు. ఆ పని బాగా చేసేవాడికి పట్నంలో మంచి పేరు కూడా ఉంటుంది.

వంటింటి వసారా మీద కుండీ పెట్టుకుని కూర్చున్నాడు. జేబులోంచి తెల్లటి నూలుగుడ్డ తీశాడు. గిన్నెలో నీళ్ళడిగాడు. కినుయో నీళ్ళు తెచ్చి ఇచ్చేదాకా ఎందుకో తెలియలేదు ఆమెకి. గుడ్డ తడిపి, పిండి, ఎడమ అరచెయ్యి ఆకు కింద పెట్టి, కుడిచేత్తో కాడ నుంచి కొన దాకా ఒక్క లాగు లాగాడు.

ఆకు పచ్చగా బయటికొచ్చింది. మెరుస్తోంది.

"అయ్యా! అయ్యా, ఆగండి, అది..."

"కినుయో" అన్నాడు అతను తల ఎత్తకుండా, "ఆకు తుడవడం నాకు నువ్వు నేర్పిస్తావా? ఒమోతోకి మూడుసార్లు మొదటి బహుమతి తెచ్చాను. వెళ్ళి ఆ ట్రక్కులో గడ్డి పరుపు వెయ్యి."

లోపలి నుంచి షిగే అమ్మగారి కర్ర రెండుసార్లు నేలకి తగిలింది. "ఏమే కినుయో, వాడు చెప్పిన పని చూడవే. పెద్దవాళ్ళ పనిలో వేలు పెట్టకు."

కినుయో నోరు తెరిచింది. ఒక్క మాట చాలు. 'అది సున్నం కాదు, అదే దాని రంగు.' ఇంకా పది ఆకులున్నాయి. గట్టిగా అరిచి, గుడ్డ లాక్కుని ఉంటే పదీ మిగిలేవి. ఆ మాట నాలుక చివర దాకా వచ్చి అక్కడే ఆగింది. ఆగిపోయింది కాదు, ఆమే ఆపింది. తర్వాత ఎన్నాళ్ళు తలుచుకున్నా ఈ సంగతి దగ్గర ఆమె అబద్ధం ఆడుకోలేదు.

ట్రక్కులో గడ్డి పరిచింది. తిరిగొచ్చేసరికి పదకొండూ పచ్చగా నిగనిగలాడుతున్నాయి, ఏ గట్టు మీదైనా మొలిచే మొక్కలాగే. గిన్నెలో నీళ్ళు మాత్రం పలచగా పాలలా ఉన్నాయి. అతను వెళ్ళాక ఆ నీళ్ళని మోరీలో పోయడానికి మనసొప్పక, తీసుకెళ్ళి దేవదారు మోడు మొదట్లో పోసింది. పోస్తూ బాగా ఏడ్చింది.

*

ఆదివారం ప్రదర్శన. సంఘం హాల్లో నల్లగుడ్డ కప్పిన బల్లలు, కుండీలు, వచ్చినవాళ్ళంతా చేతులు వెనక్కి కట్టుకుని మెల్లగా కదులుతున్నారు. కుండీ మోసుకురావడానికి కెన్సాకు కినుయోని కూడా తీసుకొచ్చాడు. ఆమె గోడవారగా నిలబడింది.

'కెన్సాకు రత్నం' ముందు జనం ఆగుతున్నారు, ఏమీ అనకుండా ముందుకి పోతున్నారు. ఒకాయన దగ్గాడు.

సంఘం పెద్ద ఇనుజుకా గారికి ఎనభై దాటాయి. పెద్దాయనా ఆయనా చిన్నప్పటినుంచీ ఒకరినొకరు తిట్టుకుంటూ పెరిగారు. ఆయన బల్ల అంచుకి ముక్కు ఆనించేంత వంగి చాలాసేపు చూశాడు. చేతులు వెనకే ఉన్నాయి.

"దీన్ని పెంచిందెవరు?"

"నేనేనండీ. ఏడేళ్ళుగా" అన్నాడు కెన్సాకు, ముందుకి వచ్చి. వేలితో ఆకు కొన పైకెత్తి చూపించాడు. "చూడండి, ఎంత మందమో."

ఆ వేలు ఆకుకి తగలగానే చుట్టూ ఉన్నవాళ్ళు అరడుగు వెనక్కి జరిగారు.

"ఏడేళ్ళు" అన్నాడు ఇనుజుకా. "బాబూ, మధ్యలో చుట్ట చుట్టుకుని ఇంకా విప్పుకోని ఆకు ఒకటుంది, చూశావా? దాని రంగేంటి?"

కెన్సాకు వంగి చూశాడు. గుడ్డ చొరబడని ఆ ఒక్క ఆకు, చిటికెనవేలంత, నీలంగా ఉంది. కాడల అడుగున కూడా నీలమే.

"అది... ఇంకా సున్నం పోలేదండీ."

ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే బాగుండేది అతనికి.

ఇనుజుకా హాలంతా కలియజూశాడు. కెన్సాకు దుకాణంవాళ్ళూ, చుట్టాలూ బల్లల మీద చేతులానించి నిలబడ్డారు. గోడవారన ఒక ముసలామె, తడిసిన పనిబట్టల్లో, కుండీకి ఆరడుగుల దూరాన ఉండి కూడా చేతులు వెనక్కి కట్టుకుని, ఆ చేతుల్ని విడిపోకుండా ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని నిలబడి ఉంది.

ఆయన కుండీ ముందున్న పేరు కాగితాన్ని తిరగేసి, తెల్లటి వైపు పైకి పెట్టాడు. ఆమె దగ్గరికి నడిచి వచ్చాడు.

"నువ్వు ఓరిహారా తోటలో అమ్మాయివి కదూ?"

అరవై ఒక్కేళ్ళ అమ్మాయి తల ఊపింది.

"నీ సంగతి చెప్పేవాడు. మోడులో ఏదో దొరికింది, ఏడో వసంతానికి నువ్వు పేరు పెడితే చూడమన్నాడు. నేను నమ్మలేదు. వాడి మొక్కలన్నీ గొప్పవే వాడికి." కుండీ వైపు తల తిప్పాడు. "ఈ ఏడు బల్ల మీద పెట్టడానికి లేదు. వచ్చే ఏడాది ఆకులు విప్పుకున్నాక తీసుకురా. పేరేంటి?"

ఇన్నాళ్ళూ మనసులో అనుకుని ఉంచుకున్న పేర్లు, పౌర్ణములూ పొగమంచులూ, ఒక్కటీ నోటికి రాలేదు ఆమెకి.

"మోడు" అంది.

"ఇంత ముచ్చటైన మొక్కకి మోడా?"

"అక్కడే పుట్టిందండీ."

ఇనుజుకా రాసుకున్నాడు. వెనక ఆమె పేరు ఏ అక్షరాలతో రాయాలో కూడా అడిగి రాసుకున్నాడు. కెన్సాకు అప్పటికే ట్రక్కు దగ్గరికి వెళ్ళిపోయాడు. తిరుగుదారిలో కుండీ మాత్రం కినుయో ఒళ్ళోనే ఉంది.

*

"ఏడుపు మొహం పెట్టకు, గెలిచావు కదే" అంది షిగే అమ్మగారు సాయంత్రం, వసారా మీద.

"ఆకులన్నీ పోయాయి అమ్మగారూ."

"మళ్ళీ వస్తాయి. మనుషులు కారు కదా." కాసేపు కర్ర తిప్పింది. తర్వాత గొంతు తగ్గించి, "నేనూ ముట్టుకున్నానే" అంది.

కినుయో తల తిప్పి చూసింది.

"వంటింటి వైపు నుంచి రాళ్ళ మీదుగా వెళ్ళాను. మచ్చపడితే బల్ల మీద పెట్టరు కదా, వాడికి దక్కదని. అదొక్కటే కాదులే." నవ్వింది, దొంగతనం చేసినట్టు. "యాభై ఎనిమిదేళ్ళు కాపురం చేశాను. ఒక్కసారి ఆ నీలం ఎలా ఉంటుందో చేత్తో చూద్దామని. ఏముంటుందే, చల్లగా ఉంది."

కినుయో గుండె దిగజారినట్టూ, బరువు దిగినట్టూ అయింది. అయితే ఇదా సంగతి. మనుషులే. బతికున్న మనుషులే.

"అయిదు ఆకులూ పాడు చేశారన్నమాట" అంది, నవ్వుతూనే.

"అయిదేంటి? రెండు. రెండే రెండు, మంగళవారం ఒకటి, శుక్రవారం ఒకటి."

వాన తుంపర వసారా అంచున పడుతోంది.

"మరి పుల్లలు?"

"పుల్లలా? నా నడుం వంగితే కదా పుల్లలు ఏరడానికి. నిలబడి వేలు చాచడమే గగనం." షిగే అమ్మగారు తన బొటనవేలు చూపించింది, సన్నగా, ముడతలు పడి, ఎక్కడా గాటు లేకుండా. "ఎందుకలా చూస్తావ్?"

"ఏం లేదు అమ్మగారూ."

వెలుతురు ఉండగానే తోటలోకి వెళ్ళింది. కుండీని దాని రాయి మీద పెట్టి, నేరుగా చివర మోడు దగ్గరికి నడిచింది. తల్లి మొక్క ఉంది, ఆరు ఆకులు, ఆరూ నీలం. దాని చుట్టూ మోడు నిండా పుల్లలే. ఆకుల మీద ఒక్కటి లేదు. ముద్ర కూడా లేదు.

కినుయో తడి నాచు మీద మోకాళ్ళ మీద కూర్చుంది. పక్కనే, చెయ్యి చాస్తే అందేంత దూరంలో, ఇంకో మోకాలి మేర నాచు అణిగి ఉంది. ఈసారి లేవడం లేదు.

ఆమెకి భయం వేయలేదు. వేస్తుందనే అనుకుంది.

"పేరు రాయించాను" అంది. "మోడు అని. మీకు నచ్చదు, నాకు తెలుసు."

ఎవరూ నాలుక చప్పరించలేదు.

"ఇంక నేను చూసుకుంటాను. మీరు వెళ్ళండి" అంది, అతిథికి చెప్పినట్టు రెండు చేతులూ నేలకి ఆనించి తల వంచి. తల ఎత్తేసరికి పక్కన నాచు లేవడం మొదలైంది. పూర్తిగా లేచేదాకా కూర్చుంది.

మర్నాడు పొద్దున్నే తాడు ముడి విప్పుకుని వచ్చేసరికి మోడులోని ఆరు ఆకుల మీదా పుల్లలు పడి ఉన్నాయి. ఒక ఆకు మీద మూడు, అడ్డదిడ్డంగా. కినుయో చాలాసేపు వాటిని చూస్తూ నిలబడింది. తర్వాత తొట్టిలో కుంచె తడిపి, విదిలించి, ఎడమచేతిని వెనక్కి కట్టుకుని, మొదటి పుల్లని కింది నుంచి మెల్లగా లేపింది.